కౌసల్యమ్మ బాట, జడ్జిగారి రిమోటు

సముద్రాన్ని పంచడం కన్నా మా ఊరు సురంగల్‌లో ఒక గేటు తెరవడం కష్టమని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. (అభ్యంతరాలు మూడు ప్రతుల్లో పంపగలరు.)

ఇందుకు సాక్షి జస్టిస్ ధనరాజ్ గారు. 1968లో మా తాలూకా కోర్టు మున్సిఫుగా మొదలై, హైకోర్టు, సుప్రీంకోర్టు దాటి, అంతర్జాతీయ సముద్ర సరిహద్దుల పీఠం దాకా ఎక్కారు. రెండు దేశాలు నాదంటే నాదని కొట్టుకుంటున్న సముద్రాన్ని పదకొండు నెలల్లో పంచి, ఇద్దరి చేతా దండలు వేయించుకున్నారు. (చేపలకు నోటీసులు అందలేదట.)

రిటైరయ్యాక, 2007లో, మొయినాబాద్ దిక్కు ఎకరం ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి పలుకుతున్న రోజుల్లో, సురంగల్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు దగ్గర తోట కొన్నారు. తోటతో పాటు రిమోటు గేటు వచ్చింది. గేటుతో పాటు ఒక కేసూ వచ్చింది.

తోట వెనకాల కౌసల్యమ్మ పొలం. ఆమె బాట ఈ తోటలోంచే ఉండేది. అప్పటి ఆసామి కంప అడ్డం వేస్తే, కొత్త కోడలుగా ఉన్నప్పుడే ఆమె కోర్టుకెక్కింది. తర్వాత కంప పోయి కర్ర గేటు, కర్ర పోయి ఇనుము, ఇనుము పోయి రిమోటు వచ్చాయి. కేసు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

జడ్జిగారు దిగిన రోజే కౌసల్యమ్మ గంపతో వచ్చింది.

"సారూ, సుట్టు తిరిగి చేవెళ్ల మార్కెట్‌కు పోయేసరికి కొత్తిమీర వడలిపోతున్నది. రిమోటు మీ జేబులనే ఉన్నది గద, జర ఒత్తుర్రి."

"న్యాయం నీదేనమ్మా. కానీ యథాతథ స్థితి ఉత్తర్వు ఉన్నది. ఒత్తితే కోర్టు ధిక్కారం."

"అగో! ఎవలిచ్చిన్రు సారూ ఆ ఉత్తర్వు?"

జడ్జిగారు పాత కాగితం తిప్పి చూశారు. సంతకం చూశారు. కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చూశారు.

"నేనే."

పాపం, మంచి మనిషి. రాత్రంతా నిద్రపోలేదు. తెల్లారి తానే కోర్టుకెళ్లి, గేటు తీయడానికి అనుమతించండని అర్జీ పెట్టుకున్నారు. తనను ఓడించమని ప్రతివాదే బతిమాలడం ఆ కోర్టు ఎరగదు. అందుకు ఫారం కూడా లేదు. (ఎడమ వైపు మార్జిన్‌లో రాయించారు.)

కొత్త జడ్జి సమత గారు ఫైలు తెరిచారు. సంతకం చూడగానే లేచి నిలబడ్డారు. గుమాస్తా లేచాడు. బంట్రోతు అప్పటికే నిలబడి ఉన్నాడు.

"సార్, మీ తీర్పులు చదివే నేను పరీక్ష పాసైన. మీ ఉత్తర్వు కొట్టేసేటంతదాన్నా?"

"కొట్టేయమ్మా, తప్పేం లేదు!"

"అయ్యో, ఎంత వినయం సార్ మీది!" అని కళ్లొత్తుకొని, గౌరవసూచకంగా ఆర్నెల్లు వాయిదా వేశారు.

కోర్టు మెట్లు దిగుతుంటే, వాయిదాకొచ్చిన కౌసల్యమ్మ ధనరాజ్ గారిని అడిగింది.

"సారూ, మీరు పంచిన ఆ సముద్రం లొల్లి ఎన్ని దినాలల్ల తెంపిన్రు?"

"పదకొండు నెలలు."

ఆమె గంప నెత్తికెత్తుకుంది.

"అయితే నా బాటల జర నీళ్లు నింపియ్యుర్రి."