బాధ్యతగల అధికారి ధ్రువీకరించని పెచ్చు

కైరోలో ముప్పై నాలుగేళ్లపాటు పత్రిక మొదటి పేజీలో ‘స్వాగతం–వీడ్కోలు’ శీర్షికను నిరాటంకంగా నిర్వహించిన ఉస్తాద్ వగ్దీ షిన్నావీ గారు, వార్తారచన బోధించుటకై విశ్వవిద్యాలయంలో పాదం మోపారని తెలియజేయుటకు సంతోషిస్తున్నాం. మంత్రిగారు విమానం ఎక్కితే వీడ్కోలు, దిగితే స్వాగతం. ఒకసారి విమానం కదలనే కదలకపోతే, రెండూ ఒకే పూట రాసిన ఘనుడాయన. మేం మాత్రం పేపరు రాగానే తిన్నగా మరణవార్తల పేజీ తిప్పేవాళ్లం. అందులో అబద్ధాలుండవని మా మూఢనమ్మకం. మిగతా పేజీల్లో తామియా వడలు పొట్లం కట్టుకునేవాళ్లం.

ఉద్యోగం ఏడాదికే. డీన్‌గారి మనసు నొప్పించకపోతే ఖాయమవుతుంది, తలుపు మీద ‘డాక్టర్’ అని ఇత్తడి పలక వేస్తారు. ఆ పలక కోసం వగ్దీ గారి ప్రాణం కొట్టుకుపోయేది.

మూడో వారంలో తరగతి గది పైకప్పు పెచ్చూడి ఇద్దరు విద్యార్థుల తలలు పగిలాయి. నెస్మా అనే పిల్ల ఆ సంగతే వార్తగా రాసుకొచ్చింది.

“పెచ్చు ఊడిందని ఎవరు చెప్పారమ్మా?”

“నా పక్కనే పడింది ఉస్తాద్!”

“చూడ్డం వేరు, వార్త వేరు. బాధ్యతగల అధికారి ఎవరైనా చెప్పారా? లేదు. అయితే ఊడలేదు.”

సున్నా వేసి, ఎర్రసిరాతో తానే దిద్దారు: ‘విద్యార్థులకు మరింత చేరువయ్యే కార్యక్రమంలో భాగంగా పైకప్పు కిందికి విచ్చేసింది. సమావేశం ఆత్మీయ వాతావరణంలో జరిగింది.’

డీన్‌గారు మురిసిపోయి ఆ కాగితానికి పటం కట్టించి, అదే గదిలో గోడకు మేకు కొట్టించారు. ఆ దెబ్బకు మిగిలిన పెచ్చంతా వగ్దీ గారి నెత్తిన పడింది.

ఏడు కుట్లు. ఆసుపత్రి మంచం దగ్గరికి విద్యార్థుల పత్రిక తెచ్చి చేతిలో పెట్టింది నెస్మా. ‘పైకప్పుకు డాక్టర్ వగ్దీ సాదర స్వాగతం.’

“ఓసి నీ దుంప తెగ! తల పగిలిందే నాకు! ఉన్నదున్నట్టు రాసి చావు!”

“ఎవరు చెప్పారు ఉస్తాద్?”

“నేను చెప్తున్నా కదటే!”

“మీరు బాధ్యతగల అధికారా?”

వగ్దీ గారు పత్రికను మళ్లీ కళ్ల ముందుకు తెచ్చుకున్నారు. అవునంటే పెచ్చుకు బాధ్యుడు తానే అవుతారు. కాదంటే కుట్లే లేవు. పైగా చూపు వెళ్లి వెళ్లి ‘డాక్టర్’ అన్న అక్షరాల దగ్గర ఆగింది. సిగ్గేసింది. తల నొప్పెట్టింది. అయినా అక్షరాలు అందంగానే ఉన్నాయి.

“‘సాదర’ తీసేసి ‘ఘన’ అని పెట్టు,” అన్నారు నీరసంగా.

మర్నాడు ఆ వార్త ఆయన పాత పత్రిక మొదటి పేజీకెక్కింది. మేం అలవాటు ప్రకారం మరణవార్తల పేజీ తిప్పాం. అందులో వగ్దీ గారి పేరు లేదు. అమ్మయ్య, పెచ్చేమీ ఊడలేదనుకుని, పిల్లల్ని మళ్లీ ఆ గదికే పంపించాం.