తెగినా ఇంటికొచ్చే లింకు

ఆ ఆదివారం గంగాదేవి అనుకున్న పని ఒక్కటే. కంబదూరు వాళ్లు మధ్యాహ్నం తన కొడుకు దేవేంద్రను చూడటానికి గుత్తికి వచ్చేలోగా ఓళిగలు కాల్చెయ్యాలి. ఎన్నాళ్లకో కుదిరేలా ఉన్న సంబంధం. వాళ్ల బస్సు బోల్తా పడకూడదు, పూర్ణం పలచబడకూడదు, వీడు వాళ్ల ముందు ఆ డ్రోను పురాణం విప్పకూడదు అని తెల్లవారినప్పటి నుంచీ మొక్కుతూనే ఉంది.

పూర్ణం ముద్దలు చేస్తుండగా మిద్దె మీద నుంచి వాడి ఫోను మాటలు వినబడ్డాయి.

"రెండు లింకులు ఉండాయన్నా. పాతదానితో యాగలేకపోతాండా. కోట కొండ చాటుకు పోతే పలకదు. కొత్తది ఎంత దూరం పోయినా మాట్లాడతానే ఉంటాది. పాతదాన్ని ఈపొద్దు కొండకాడ ఇంకోసారి సూసి తేల్చేస్తా. తెగితే తెగనీలే, నేరుగా ఇంటికే వస్తాది."

ముద్ద ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఇద్దరు! అందులో ఒకతె కొండ చాటున! ఇంటికే వస్తుందట! ఒక్కతే వస్తుందా, పోలీసులతో వస్తుందా, కడుపుతో వస్తుందా? కొడుకును అడుగుదామంటే ఏం చెప్తాడోనని భయం. ఈ సంబంధం తెచ్చిన తమ్ముడు నారాయణప్పకు ఫోను కొట్టి, విన్నదంతా చెప్పింది.

"నారాయణా, కంబదూరోళ్లను ఈపొద్దు రావద్దని చెప్పురా. పిల్లోనికి జరమని చెప్పు."

కాసేపటికి నారాయణప్ప కర్రతో సహా వచ్చి వాకిట్లో కూర్చున్నాడు.

"చెప్పినానక్కా."

"జరమనే కదా?"

"జరమంటే పలకరించేకి వస్తామనిరి. ఇంగేం చేయల్ల? రెండు లింకులు ఉండాయని చెప్పేసినా. సంబంధమే వద్దన్నారు."

గంగాదేవి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. అంతలో దేవేంద్ర దిగివచ్చి, వాకిట్లోంచి డ్రోను ఎగరేసి మళ్లీ మిద్దె ఎక్కాడు. వాడి ముఖం చూడటానికి ఇద్దరికీ మనసొప్పలేదు. కాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుని, వాడు డ్రోను ఎగరేసిన చోటే చాప పరిచి, పళ్లెం నిండా ఓళిగలు పెట్టింది.

"ఎవురికక్కా?"

"వచ్చే పిల్లకు. తెంపేస్తే ఏడ్చుకుంటా వస్తాది. ఏ తల్లి కన్న బిడ్డో! ఆ కర్ర దాచిపెట్టు, సూసి బాయిలో గీయిలో దూకుతాదేమో."

కొండ వైపు నుంచి కందిరీగల రొద వచ్చింది. డ్రోను ఇంటి మీద ఒక్క క్షణం ఆగి, తిన్నగా ఓళిగల పళ్లెంలోకి దిగింది.

"మ్మా, సూస్తివా!" దేవేంద్ర మెట్లు దిగుతూ కేకేశాడు. "కొండ చాటున లింకు తెగినాది. ఎగిరిన తావుకే వచ్చేసినాది!"

"లింకంటే... ఇదేనా నాయనా?"

"ఇది కాదు మ్మా, దీని కడుపులో ఉండాది." అగ్గిపెట్టెంత రేడియో ఊడదీసి చూపించాడు. "డ్రోను ఎంత ఎత్తున ఉండాదో, బ్యాటరీ ఎంత మిగిలినాదో కింద నాకు చెప్తా ఉంటాది. దీన్ని మార్చి కొత్తది పెడతా. అవునూ, కంబదూరోళ్లు యాడిదాకా వచ్చినారు? నేను తల కూడా దువ్వుకోలే."

గంగాదేవి తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు కర్ర వైపు చూశాడు.

సాయంత్రం ఇద్దరూ కంబదూరుకు బయలుదేరారు. ఆమె ఒడిలో ఓళిగల డబ్బా, ఆయన జేబులో సాక్ష్యంగా ఆ రేడియో. తెగినా దానంతటదే ఇంటికి తిరిగొచ్చే ఏర్పాటు డ్రోనుకైతే ఉంది గానీ, సంబంధానికి లేదు.