పీక నానబెట్టిన కప్పు

ఆ శనివారం ఉదయం క్రిస్పిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తన వాద్యానికి బిగించే రెల్లు పీకను కప్పులో నానబెట్టాలి. గడ్డం గీసుకోవాలి. లండన్ నుంచి వచ్చే రికార్డు కంపెనీ ఫారర్‌గారికి ‘ముళ్ళకంప రాణి’ పాట వినిపించి, ఒప్పందం మీద సంతకం పెట్టించుకోవాలి. సంతకం పడితే సోమవారం హెరిఫర్డ్ బడి హెడ్‌మిస్ట్రెస్‌కు ఫోన్ చేసి, పిల్లలకు పిల్లనగ్రోవి నేర్పే ఉద్యోగం తనకు వద్దని చెప్పేస్తాడు. పడకపోతే వస్తానని చెప్పాలి. తరగతి పిల్లలంతా ఒక్కసారిగా ఊదడం అతను తలుపు బయట నిలబడి విన్నాడు. అప్పటినుంచి నిద్రలో కూడా సంతకం గురించే కలవరిస్తున్నాడు.

అతని బృందం పేరు వెదర్‌కాక్. అందులో ముగ్గురు. ఫిలిపా పాడుతుంది, ఆర్గన్ వాయిస్తుంది. డెరిక్ డ్రమ్ములు వాయిస్తాడు, అందరికన్నా ఆలస్యంగా నిద్ర లేస్తాడు. రాజులూ కోటలూ ఉన్న కాలపు నాట్యాల వరసలనూ, కోతల వేళ పల్లెల్లో పాడుకునే పాటలనూ తెచ్చి, వాటి కింద కరెంటు ఆర్గన్, డ్రమ్ములు పరిచి, ఒక్కొక్కటి పావుగంట సాగే పాటలు కడతారు. రాక్ అభిమానులకు వీళ్ళు చర్చి బృందంలా కనబడేవారు. చర్చికి వెళ్ళేవాళ్ళకు రాక్ బృందంలా కనబడేవారు. అందువల్ల కచేరీల్లో కుర్చీలు బాగా మిగిలేవి.

వాళ్ళ పాటకు ప్రాణం క్రిస్పిన్ ఊదే క్రమ్‌హార్న్. కొస గొడుగు పిడిలా పైకి వంగిన చెక్క వాద్యం అది. సన్నాయికి ఉన్నట్టే దానికీ రెల్లు పీక ఉంటుంది. కాకపోతే ఆ పీక మీద చెక్క మూత బిగిస్తారు కాబట్టి అది ఊదేవాడి పెదవికి తగలదు, చూసేవాడి కంటికి కనబడదు. ఊదితే సీసాలో కందిరీగ పడ్డట్టు మోగుతుంది. చలికాలమంతా పొయ్యి పక్కన కూర్చుని క్రిస్పిన్ పీకలు చెక్కాడు. ఒకే ఒక్కటి పలికింది. మిగిలినవి పొయ్యిలోకి పోయాయి.

వాళ్ళు సాధన చేసేది క్రిస్పిన్ మేనత్త ఐవీ వాళ్ళ పొలంలో, వంటింటి గోడకు ఆనుకుని ఉన్న గడ్డి కొట్టంలో. అత్తకు డచెస్ అనే పెద్దబాతు ఉంది. పాట మధ్యలో డ్రమ్ములూ ఆర్గనూ ఆగి క్రమ్‌హార్న్ ఒంటరిగా మొదలయ్యే చోట డచెస్ రోజూ బదులు పలికేది. పరువు పోతోందని క్రిస్పిన్ సాధన వేళకు దాన్ని ఆపిల్ తోట చివరకు తోలించినా, అది అక్కడినుంచే బదులిచ్చేది.

ఆ ఉదయం అతను పీకను నీలం కప్పులో వేసి, అడుగున కొద్దిగా నీళ్ళు పోసి, వంటింటి కిటికీలో పెట్టి గడ్డం గీసుకోవడానికి వెళ్ళాడు. డెరిక్ సగం కళ్ళు మూసుకునే వంటింట్లోకి వచ్చాడు. చేతికి అందిన కప్పులో పాలు పోసి, టీ వంచుకుని తాగాడు. చివరి గుక్కలో పంటికి ఏదో తగిలింది. టీ ఆకు కాడ కాబోలు అనుకుని కప్పులోకే ఉమ్మి, అడుగున మిగిలింది కిటికీలోంచి బయటికి విసిరేశాడు. ఆ రోజు ముఖ్యమైన అతిథి వస్తున్నాడు కదా అని, జీవితంలో మొదటిసారిగా కప్పు కడిగి బోర్లించాడు కూడా.

క్రిస్పిన్ సగం గడ్డం మీద నురగతోనే తిరిగి వచ్చాడు. బోర్లించిన కప్పు చూశాడు.

“అత్తా, ఈ కప్పు నువ్వు కడిగావా?”

“లేదు. నా ఇంట్లో నా కప్పు నేను కడిగితే తప్పా ఏం?” అంది ఐవీ అత్త.

“అయితే కడగలేదా?”

“కడగలేదంటే? కప్పులు మురికిగా పెట్టుకుంటానంటావా?”

“అది కాదత్తా, అందులో నా పీక ఉంది! ఒక్కటే ఉంది!”

డెరిక్‌కు అప్పుడు నిద్ర పూర్తిగా వదిలింది. నాలుకతో పళ్ళు తడుముకున్నాడు. చెబుదామని నోరు తెరిచాడు గాని, క్రిస్పిన్ చేతిలో గడ్డం కత్తి ఉంది. కిటికీలోంచి చూస్తే డచెస్ కింద పూలకుండీల మధ్య ముక్కుతో ఏదో పొడుచుకు తింటోంది.

“డచెస్... కిటికీ దగ్గరే తచ్చాడుతోంది మరి,” అన్నాడు. అందులో అబద్ధం లేదు.

క్రిస్పిన్ కత్తి పారేసి ఒక్క దూకు దూకాడు. “కక్కించాలి! అది మింగి ఎంతోసేపు కాలేదు!”

డచెస్ పరుగుకు మనుషులు చాలరు. కోళ్ళ గూడు చుట్టూ తిరిగి, కట్టెల మోపు ఎక్కి దిగి, గేటు వైపు దూసుకుపోయింది. సరిగ్గా అప్పుడే గేటులోకి ఒక ఆకుపచ్చ కారు మలుపు తిరిగింది. ఫారర్‌గారు మధ్యాహ్నం రావలసిన మనిషి, దారి ఖాళీగా ఉందని ముందే వచ్చేశారు. బాతును తప్పించబోయి కారు బురద గుంటలోకి దిగింది. ఆయన తలుపు తీసి కాలు కింద పెట్టారు. కాలు తిరిగి వచ్చింది గాని బూటు రాలేదు.

“ఇదేమిటండీ?” అన్నారాయన, నురగ మొహంతో బాతు వెంట పడుతున్న క్రిస్పిన్‌ను చూపిస్తూ.

ఫిలిపాకు ఆలోచించే వ్యవధి లేదు. “మీ భోజనం కోసమేనండీ,” అనేసింది.

ఫారర్‌గారి మొహం వెలిగిపోయింది. “నా కోసం పెద్దబాతా! లండన్‌లో బృందాలవాళ్ళు నాకు ఒక బిస్కెట్ కూడా పెట్టరమ్మా!”

వాకిట్లో నిలబడ్డ ఐవీ అత్త ఆ మాట విన్నది. నడిచి వచ్చి, డచెస్‌ను చంకన పెట్టుకుని, వంటింట్లోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకుంది. మరుక్షణం కొట్టంలో దీపం ఆరిపోయింది. కొట్టానికి కరెంటు వచ్చేది వంటింటి ప్లగ్గు నుంచే.

ఫారర్‌గారిని కొట్టంలో కూర్చోబెట్టి, చేతికి ఆపిల్ సారా గ్లాసు, కాలికి క్రిస్పిన్ మేజోడు ఇచ్చారు. ఫిలిపా క్రిస్పిన్‌ను పక్కకు లాగింది.

“చెప్పేద్దాం ఫిలిపా. పీక లేదని చెప్పేద్దాం.”

“చెబితే ఇంకో రోజు వస్తాడా ఈయన, ఒంటి బూటుతో? మూత ఉందిగా, లోపల పీక ఉందో లేదో ఎవడికి తెలుసు? ఊదినట్టు నటించు. నీ వంతు రాగానే ఆ వరస ఆర్గన్ మీద నేను అందుకుంటాను.”

“ఆర్గన్‌కు కరెంటేది?”

ఇద్దరూ డెరిక్ వైపు చూశారు. డెరిక్ వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

“అత్తయ్యగారూ, ఒక్క ప్లగ్గు.”

“నా డచెస్‌ను కోసుకు తింటారా?”

“ఎవరూ తినరండీ. దాని తప్పేమీ లేదు. కప్పులో టీ తాగింది నేను. బయటికి విసిరిందీ నేనే.”

ఐవీ అత్త డచెస్‌ను చంకలో సర్దుకుంది. “మరి ఆ పిచ్చోడు దాన్ని తరుముతుంటే నోట్లో ఏం పెట్టుకున్నావు?”

“భయమేసిందండీ.”

“వాడితో చెబుతావా?”

“పాట అవగానే చెబుతాను. ఒట్టు.”

“డచెస్ మాత్రం గడప దాటదు,” అంటూ అత్త ప్లగ్గు పెట్టింది.

పాట మొదలయింది. ఫిలిపా గొంతు వణికింది, కాని అది విషాద గీతం కాబట్టి సరిపోయింది. డెరిక్ ఒట్టు గుర్తొచ్చినప్పుడల్లా డ్రమ్మును మరీ గట్టిగా కొట్టాడు. క్రిస్పిన్ క్రమ్‌హార్న్ పట్టుకుని తన వంతు కోసం ఉరికంబం ఎక్కబోయేవాడిలా నిలబడ్డాడు. ఆ చోటు ఇంకా నాలుగు చరణాల దూరంలో ఉండగా ఫారర్‌గారు లేచారు. ఒంటి బూటుతో కుంటుతూ వచ్చి, సరిగ్గా ఫిలిపా వెనక నిలబడి ఆమె వేళ్ళ వంకే చూడసాగారు.

డ్రమ్ములు ఆగాయి. ఆర్గన్ ఆగింది. ఆయన చూస్తుండగా క్రిస్పిన్ వరస వాయించలేక, ఫిలిపా చేతులు ఆర్గన్ మెట్ల మీదే బిగుసుకుపోయాయి. క్రిస్పిన్ బుగ్గలు పూరించాడు, వేళ్ళు కదిపాడు. కొట్టంలో చిన్న శబ్దం కూడా లేదు. గడ్డిలో ఎలుక కదిలితే వినబడేంత నిశ్శబ్దం. క్రిస్పిన్ కళ్ళ ముందు పిల్లనగ్రోవులు పట్టుకున్న పిల్లలు వరసగా వచ్చి కూర్చున్నారు. అతని నుదుటి మీద చెమట బొట్టు ముక్కు కొస దాకా జారి ఆగింది.

గోడకు అవతల డచెస్ కూడా ఎదురుచూస్తోంది. రోజూ ఈ చోట మోత వచ్చేది, తాను బదులిచ్చేది. ఇవాళ మోత రాలేదు. కాసేపు ఓపిక పట్టి, ఇక లాభం లేదనుకుని, ఒకే ఒక్కసారి, గొంతు నిండా అరిచింది.

డెరిక్ ఉలిక్కిపడి చేతిలో పుల్ల డ్రమ్ము మీద పడేశాడు. దాన్ని సైగ అనుకుని ఫిలిపా చివరి భాగం అందుకుంది. పాట ముగిసింది.

ఫారర్‌గారు గ్లాసు కింద పెట్టారు.

“ఈ ఏడాది ఈ వంకర కర్రలు ఊదేవాళ్ళను చాలామందిని విన్నాను. ఊదడం మొదలుపెడితే ఆపరు. మీరు అంతసేపు మౌనంగా నిలబడి, ఒక్క కేక వేసి ఊరుకున్నారు. నాకు ఒళ్ళు జలదరించింది.”

క్రిస్పిన్ ఇక ఉండబట్టలేకపోయాడు. “అది నేను కాదండీ. గోడ అవతల పెద్దబాతు.”

ఫారర్‌గారు పడీ పడీ నవ్వారు. “ప్రతిభ ఉన్నవాడికి వినయం కూడా ఉండటం నేను ఇదే చూడటం,” అంటూ కారు ముందు రేకు మీదే కాగితం పరిచి సంతకం పెట్టారు. రికార్డులో ఆ చోటు అచ్చం అలాగే ఉండాలని మాత్రం షరతు పెట్టారు. భోజనంలో చల్లటి పంది మాంసం కూరిన రొట్టె తిని, పెద్దబాతు ఇంత మెత్తగా ఉంటుందని తనకు తెలియదని ఐవీ అత్తను మెచ్చుకున్నారు.

ఆయన వెళ్ళాక క్రిస్పిన్ వంటింటి కిటికీ బయట నిలబడి లోపలున్న డచెస్‌ను ప్రేమగా చూశాడు. “ఆలోచించావా డెరిక్? నా పీక దాని కడుపులోనే ఉంది. అంటే పలికింది నా పీకేరా. చలికాలమంతా పడ్డ కష్టం ఊరికే పోలేదు.”

పక్కనే ఉన్న డెరిక్ ఒట్టు నిలబెట్టుకోవడానికి నోరు తెరిచాడు. అప్పుడే అతని చూపు కిటికీ కింది పూలకుండీ మీద పడింది. మట్టిలో నిలువుగా గుచ్చుకుని, టీ రంగు పట్టి, పీక భద్రంగా ఉంది. కిటికీలోంచి ఐవీ అత్త కూడా చూసింది. అతని వైపు తిరిగి, వద్దన్నట్టు మెల్లగా తల ఊపింది. డెరిక్ వంగి బూటు తాడు కట్టుకుంటున్నట్టు దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు.

“అవున్రా, నీ పీకే,” అన్నాడు. “టీ తాగుతావా?”

శీతాకాలంలో ఐవీ అత్త పెద్ద మూత బుట్ట పట్టుకుని వాళ్ళతోపాటు లండన్ స్టూడియోకు వెళ్ళింది. డచెస్ మొదటిసారికే సరిగ్గా పలికింది. ఆ కేకకు ముందు ఊదకుండా నిలబడటం సరిగ్గా కుదరడానికి క్రిస్పిన్‌కు మాత్రం సాయంత్రం దాకా పట్టింది.