మర్యాదగల మోటారుసైకిలు

పక్కింటివాడి చెవిన పడకుండా బతకడమే నాగరికతకు పరాకాష్ఠ అని హమమత్సు నగరంలోని ఒకానొక వీధి సంఘం ఏనాడో ఏకగ్రీవంగా తీర్మానించింది! తీర్మానించక ఏం చేస్తుంది? ప్రపంచానికి సరిపడా మోటారుసైకిళ్ళు తయారుచేసి, చప్పుడంతా ఓడలకెక్కించి ఎగుమతి చేసేసి, నిశ్శబ్దాన్ని మాత్రం ఇంటివాడకానికి అట్టేపెట్టుకున్న ఊరు కదా అది!

ఆ వీధిలో తుమ్ము వచ్చినవాళ్ళు ముందు కిటికీ మూసి, తర్వాత తుమ్ముతారు. కుక్కలు కూడా మొరగబోయే ముందు ఒకసారి అటూ ఇటూ చూసుకుంటాయి. అలాంటి వీధిలోకి ఇసోగై హిదెజి గారు తన వయసుకి కాస్త పెద్దదైన మోటారుసైకిల్ని తీసుకొచ్చారు. తెచ్చింది ఆయనే అయినా, దాని గురించి మొదటి అబద్ధం ఆడిన ఘనత మాత్రం ఆయన భార్య మిహోకోది. ఆ ఘనతలో ఎవరికీ వాటా ఇవ్వడానికి ఆమె ఈనాటికీ ఒప్పుకోదు.

హిదెజి గారు మోటారుసైకిళ్ళ కంపెనీలో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. అక్షరాలా నిజం. ఆ కంపెనీలో ఆయన కాగితాలూ, పెన్నులూ, మీటింగుల్లోకి టీపొడీ సరఫరా చేసే విభాగం చూసేవారు. అదీ అక్షరాలా నిజమే. కాకపోతే వీధిలో అందరూ మొదటి నిజం విని ఆయన్ని ఇంజనీరు అనుకున్నారు. రెండో నిజం చెబుదామంటే, అది ఎదుటివాళ్ళ పొరపాటుని ఎత్తిచూపినట్టవుతుంది. ఎంత అమర్యాద! అందుచేత మిహోకో కేవలం మర్యాద కోసమే ఇన్నేళ్ళూ ఇంజనీరు గారి భార్యగా ఉండిపోయింది.

రిటైరయ్యాక ఇంజనీరు గారు భార్య వెనకాలే తిరగడం మొదలుపెట్టారు. ఆమె వంటింట్లో ఉంటే వంటింట్లో, బట్టలారేస్తుంటే వరండాలో. "ఇదిగో, ఎక్కడికీ?" అన్న ప్రశ్న ఆమెకి బాత్‌రూము తలుపు దాకా తోడొచ్చేది. అందుకే ఒకరోజు ఆయన, "పాత మోటారుసైకిలొకటి కొని బాగుచేద్దామనుకుంటున్నా" అన్నప్పుడు ఆమె మారుమాట్లాడలేదు. ఏనుగుని కొంటానన్నా సరేననేది, అది వరండాలో పట్టేటట్టయితే.

బండి హమన సరస్సు పక్కన ఒక నారింజ తోటలో దొరికింది. ఎప్పుడో మూతపడ్డ చిన్న కంపెనీది. కోళ్ళగూట్లో ఉంది. దాని సీటు మీద ఒక కోడి, ఇది నా సొంత ఆస్తి అన్నట్టు కూర్చుని ఉంది.

"ఈ చెత్తా?" అన్నాడు రైతు. "మా నాన్న వదిలిపోయింది. పట్టుకుపోండి బాబూ. పారేయించాలంటే నాకే ఎదురు ఖర్చు."

ఇక్కడ మామూలు మనిషి ఎవరైనా థాంక్స్ చెప్పి, బండి ఎక్కించుకుని, రైతు మనసు మారేలోపల పారిపోతాడు. హిదెజి గారు నడుము వంచి దణ్ణం పెట్టారు.

"అబ్బే, ఇంత విలువైనదాన్ని ఊరికే ఎలా తీసుకుంటామండీ?"

"విలువైందా?" అన్నాడు రైతు.

"చాలా అరుదండీ. ఊరికే అంటే మీ నాన్నగారి ఆత్మ నొచ్చుకోదూ?"

రైతు కోడిని పక్కకి దింపాడు. బండి వంక మొదటిసారి కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడు. మిహోకో వెనకనుంచి మొగుడి చొక్కా లాగింది. ఆయన దాన్ని ప్రోత్సాహం అనుకుని మళ్ళీ వంగారు. ఆయన వంగిన ప్రతిసారీ ధర లేచింది. చివరికి రైతు, "మా తమ్ముణ్ణి కూడా ఓ మాట అడగాలి" అనేసరికి మిహోకోకి కళ్ళు తిరిగాయి. ఆ ఏడాది వాళ్ళు వెళ్ళాల్సిన వేడినీటి బుగ్గల విహారయాత్ర ఆ కోళ్ళగూట్లోనే సుఖంగా ముగిసింది.

తర్వాత పునరుద్ధరణ. హిదెజి గారు తెల్లటి చేతి గ్లౌజులు కొన్నారు. పనిముట్లు కొని, పొడుగు ప్రకారం గోడకి తగిలించారు. పాత బళ్ళ పత్రికలకి చందా కట్టారు. వసంతం అంతా బండిని తోమారు. కోడి జ్ఞాపకాలన్నీ పోయాయి. నాచుపచ్చ టాంకు అద్దంలా మెరిసింది. అందులో ముఖం చూసుకుని మిహోకో బొటనవేలితో కనుబొమ్మలు కూడా సవరించుకుంది.

ఒకే ఒక్క లోపం. అది నడవదు.

"స్టార్టవ్వదేమండీ?"

"అవుతుంది. పాతకాలం యంత్రం కదా, దానికీ మానసికంగా సిద్ధపడే టైమివ్వాలి."

టైమిచ్చారు. కిక్కు మీద కిక్కు కొట్టారు. ఆయన కుడి పిక్క మాత్రం పాతికేళ్ళ కుర్రాడిదైంది. ఇంజను మాత్రం ఒక్కసారి గొంతు సవరించుకుని, మళ్ళీ ధ్యానంలోకి వెళ్ళిపోయేది.

ఒక ఆదివారం పొద్దున్నే, హెల్మెట్టూ తోలు జాకెట్టూ వేసుకుని ఆయన గేటు బయట అలా కిక్కులు కొడుతుండగా, పక్కింటి మురమత్సు గారు చీపురు పట్టుకుని బయటికొచ్చింది. ఎనభై దాటిన పెద్దావిడ. ఆకు రాలకముందే ఊడవడానికి సిద్ధంగా ఉంటుంది.

"ఓహో! సవారీకా!" అంది. అని, చూస్తూ నిలబడింది.

హిదెజి గారి కాలు గాల్లో ఆగిపోయింది. మిహోకో గుండె కూడా. ఇంజనీరు గారి బండి ఇంజనీరు గారి చేతిలోనే నడవకపోతే ఇన్నేళ్ళ మర్యాద ఏం కాను? ఆమె నోరు ఆమెని అడక్కుండానే తెరుచుకుంది.

"ఇంత పొద్దున్నే ఇక్కడ స్టార్ట్ చేస్తే అందరికీ ఇబ్బంది కదండీ! అందుకని పెద్ద రోడ్డు దాకా తోసుకెళ్తామంటున్నారు ఈయన."

"ఆహా!" మురమత్సు గారు చీపురుతో సహా వంగింది. "ఎంత సంస్కారమండీ!"

ఇహ తొయ్యక తప్పుతుందా? ఆయన ముందు హ్యాండిల్ పట్టుకున్నారు, ఆమె వెనక చెయ్యి వేసింది. పెద్ద రోడ్డు మీద మూతపడ్డ జూదపు యంత్రాల హాలు ఒకటుంది. దాని వెనకాల ఖాళీ స్థలంలో బండి నిలబెట్టి, ఆవపిండి మంటతో తలకెక్కే ఊరగాయ పెట్టిన అన్నం ముద్దలు తిని, ఆయన పేపరు చదివి, ఆమె అల్లిక పని చేసుకుని, మధ్యాహ్నానికి మళ్ళీ తోసుకుంటూ ఇల్లు చేరారు. వీధి మలుపులో మిహోకో ఆగి, మొగుడి హెల్మెట్ తీసి జుట్టు చెదరగొట్టింది. కాస్త మసి చెంపకి రాసింది.

"ఇదెందుకే?"

"గాలికి పోయొచ్చిన మనిషి ఇంత నున్నగా ఉంటే బాగుంటుందా?"

అప్పట్నుంచి ప్రతి ఆదివారం అదే సవారీ. వాళ్ళు తోసుకుంటూ వెళ్తుంటే రెండు వైపులా ఇళ్ళవాళ్ళు బయటికొచ్చి వంగి నమస్కారాలు పెట్టేవారు. "మా అల్లుడూ ఉన్నాడు, కారు తలుపు దభీమని వేస్తాడు!" అని ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. మిహోకో చెయ్యి అడ్డంగా ఊపుతూ, "అబ్బే, ఇందులో ఏముందండీ" అనేది. నిజంగానే అందులో ఏమీ లేదు. పెట్రోలు కూడా లేదు.

శరదృతువు రాగానే వీధి సంఘం అధ్యక్షుడు అత్సుమి గారు ఖర్జూరం రంగు పట్టిన ఎండు పండ్ల బుట్టతో సహా విచ్చేశారు. గుమ్మంలో చెప్పులు విడిచే ముందు మూడు విడతల క్షమాపణలు పూర్తిచేశారు.

"ట్రాఫిక్ భద్రతా దినోత్సవం రోజున పార్కులో చిన్న సభ పెడుతున్నాం. మా అందరి కోరికేమిటంటే, ఆదర్శ నివాసి బహుమతి ఈసారి ఇసోగై గారికే ఇవ్వాలని. శక్తి ఉండి కూడా నిశ్శబ్దంగా ఉండడం! ఈ రోజుల్లో ఎవరికుందండీ ఆ నిగ్రహం?"

హిదెజి గారు చాపకి నుదురు ఆనించారు. ఆనందం వల్ల కాదు, ముఖం దాచుకోవడానికి.

అత్సుమి గారు వెళ్ళాక మొగుడూ పెళ్ళాం ఆ పండ్ల బుట్ట ముందు కూర్చున్నారు.

"మానేద్దామా?" అన్నారు ఆయన.

"బహుమతినా?"

"అబద్ధాన్ని."

"రెండూ ఒకటే కదండీ" అంది మిహోకో. తర్వాత నెమ్మదిగా, "నడిచే బండిని తోస్తే త్యాగం. నడవని బండిని తోస్తే కూలిపని. కూలిపనికి బహుమతి తీసుకుంటే రేపు వీధిలో చెత్తసంచి పెట్టడానికి కూడా నాకు ముఖం చెల్లదు. సభ నాటికి ఇది నడిచి తీరాలి. అప్పుడు ఇన్నాళ్ళ అబద్ధమూ నిజమైపోతుంది" అంది.

అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడం కన్నా ఇంజను బాగుచెయ్యడమే తేలిక అనుకుందంటే, ఆమె ఆ వీధికి ఎంత అచ్చమైన ఆడపడుచో తెలుస్తుంది.

ఆమెకి ఇంజన్ల గురించి ఏమీ తెలియదు. టాంకు లోపల టార్చి వేసి చూస్తే, అద్దంలాంటి ఆ టాంకు కడుపంతా తుప్పు. పై మెరుగు తప్ప లోపలి సంగతి ఎవరూ చూడలేదన్నమాట. అచ్చం మా సంసారంలాగే ఉంది అనుకుని, మరుగుదొడ్డి కడిగే ఆమ్లం సీసా అందులో కుమ్మరించింది. హిదెజి గారు పత్రిక అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. కార్బురేటరు ఆమె కంటికి జిడ్డుపట్టిన టీ కెటిలు ముక్కులా కనబడింది. కాబట్టి దాన్ని నూడిల్స్ ఉడకబెట్టే గిన్నెలో వేసి, నిమ్మరసం పోసి ఉడకబెట్టింది. ఆ గిన్నె మళ్ళీ నూడిల్స్ ముఖం చూడలేదు. ఆయన డబ్బాతో పెట్రోలు తెచ్చి పోసి, ప్లగ్గు మార్చారు. మొదటిసారి తిరగేసి పట్టుకున్నారన్న సంగతి ఇద్దరూ మాట్లాడుకోలేదు.

సభకి ముందు దాన్ని స్టార్ట్ చేసి చూడడానికి మాత్రం వీల్లేకపోయింది. వీధిలో చప్పుడు చెయ్యకూడదు కదా, ఆదివారం సవారీ కన్నా ముందే సభ వచ్చిపడింది!

సభ ఘనంగా జరిగింది. అత్సుమి గారు నిశ్శబ్దం గొప్పతనం గురించి మైకులో అరిచి చెప్పారు. హిదెజి గారు బహుమతి ఫలకం అందుకున్నారు. అంతా సవ్యంగా ముగిసేదే. కానీ ముఖ్య అతిథిగా పక్క పేట నుంచి ఒక పోలీసు అధికారి వచ్చాడు. వీధికి కొత్త. మనిషి ఉత్సాహవంతుడు.

"ఇంత అందమైన బండి! ఏదీ సార్, ఒక్కసారి స్టార్ట్ చెయ్యండి, విందాం!"

అత్సుమి గారి ముఖం పాలిపోయింది. "అబ్బే, వద్దులెండి, ఇసోగై గారికి శ్రమ" అని అడ్డుపడ్డారు. మురమత్సు గారైతే ఏకంగా కళ్ళు మూసుకుంది. ఎంత మర్యాదస్తులో, చప్పుడంటే ఎంత భయమో అనుకుంది మిహోకో.

హిదెజి గారు కిక్కు కొట్టారు. దగ్గు. రెండోసారి. ఇంకో దగ్గు. మూడోసారి...

అబ్బో, ఏం చప్పుడది! రేకుల షెడ్డులోకి వంద కోళ్ళని తరిమినట్టు! నీలం పొగ లేచి మైకునీ, పోలీసునీ, పార్కు పక్క మేడ మీద ఆరేసిన తెల్లటి పరుపుల్నీ ఒక్కటిగా కలిపేసింది. పొగలో హిదెజి గారు చిన్నపిల్లాడిలా నవ్వుతున్నారు. పెళ్ళిలో కూడా ఆ నవ్వు చూసిన గుర్తు లేదు మిహోకోకి. ఆమె కళ్ళు తడిశాయి. పొగ అని చెప్పుకుంది.

అందరూ చప్పట్లు కొట్టారు. అరచేతులు తగిలీ తగలనట్టు.

"చాలా చురుకైన ఇంజనండీ" అన్నారు అత్సుమి గారు, దగ్గుతూ.

మిహోకో చప్పట్లు ఆపేసింది. ఆ వీధిలో 'చురుకైన' అన్న మాట రాత్రంతా ఏడ్చే పసిబిడ్డల గురించే వాడతారు.

తర్వాతి ఆదివారం హిదెజి గారు గేటు దగ్గరే తాళం తిప్పబోయారు. "ఇప్పుడు నడుస్తోందిగా! ఇక్కణ్ణించే వెళ్దాం. ఎన్నాళ్ళని తోస్తాం?"

"నడుస్తోంది కాబట్టే తొయ్యాలి" అంది మిహోకో. "ఇన్నాళ్ళూ చేసింది వేషం. అసలు మర్యాద ఇవాళ్టితోనే మొదలు. పదండి, తోద్దాం."

ఆమె తల ఎత్తుకుని తోసింది. బండి మునుపటంత బరువుగా లేదు. మొట్టమొదటిసారి, తను ఏం చేస్తున్నానని చెబుతోందో అదే చేస్తోంది! పెట్రోలు నిండా ఉంది. మనసూ నిండుగానే ఉంది.

మురమత్సు గారు చీపురు పక్కన పడేసి పరిగెత్తుకొచ్చింది.

"అయ్యో తల్లీ! మళ్ళీ పాడైపోయిందా?"

మళ్ళీ?

మిహోకో తొయ్యడం ఆపేసింది. "లేదండీ, చప్పుడు కాకూడదని..."

"నా దగ్గర దాచేదేముందమ్మా! వసంతం నుంచీ చూస్తూనే ఉన్నాంగా. ఒక్కనాడు పెట్రోలు వాసన కొడితే ఒట్టు. పాపం, ఎంత కష్టపడి తోసేవారో! అందుకే కదా, బహుమతి ఇచ్చేస్తే ఇక దాన్ని బాగుచేసే ఆలోచన మానుకుంటారని అత్సుమి గారే..."

"అహ్హెమ్!" అత్సుమి గారు ఎదురింట్లోంచి చెప్పులు తిరగేసి వేసుకుని వచ్చేశారు. ముఖం మాత్రం వెలిగిపోతోంది. "పాడైందా? నిజంగానే? అయ్యయ్యో, ఎంత పని జరిగింది! పాత యంత్రాలండీ, మనమేం చేస్తాం? రండి రండి, అందరం ఓ చెయ్యి వేద్దాం!"

తలుపులు తెరుచుకున్నాయి. వీధి వీధంతా దిగింది. అల్లుడున్నావిడ దిగింది, మేడ మీద తెల్లటి పరుపులావిడ దిగింది. ఇంత ఆప్యాయంగా ఎవరూ ఎవరి బండినీ తోసి ఉండరు. పచ్చటి టాంకు మీద ఎన్నో చేతులు.

హిదెజి గారు భార్య చెవి దగ్గర వంగారు. "ఇదిగో, ఒక్క కిక్కు. ఒకే ఒక్కటి. అందరికీ తెలిసిపోతుంది."

ఒక్క కిక్కు! ఇంజనీరు గారి పరువు నిలబడుతుంది, మిహోకో మాట నిలబడుతుంది. ఆమె చుట్టూ చూసింది. వారం రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలి, హాయిగా నవ్వుతున్న ముఖాలు. ఇంత సంతోషంగా ఆ వీధిని ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఆమె నడుము వంచి నమస్కారం పెట్టింది.

"అవునండీ. మళ్ళీ మొండికేసింది."

"మెకానిక్కు దగ్గరికేనా?" అన్నారు అత్సుమి గారు, జాలితో పొంగిపోతూ.

"అవునండీ. నది అవతల."

పెద్ద రోడ్డు దాకా సాగనంపి, వాళ్ళంతా అక్కడ వరసగా నిలబడ్డారు. మనుషులు కనుమరుగయ్యేదాకా నిలబడి వంగి నమస్కారాలు పెట్టడం అక్కడి పద్ధతి. మొగుడూ పెళ్ళాం తోసుకుంటూ వెళ్ళారు. జూదపు హాలు వచ్చింది, దాటిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే దూరంగా తలలు వంగుతున్నాయి. వీళ్ళూ ఆగి వంగారు. మళ్ళీ తోశారు. మళ్ళీ వంగారు. బండిలో నిండుగా ఉన్న పెట్రోలు లోపల బుడబుడమంటోంది.

"ఇంకా ఉన్నారా?" అన్నారు హిదెజి గారు, చెమట కళ్ళలోకి కారుతుంటే.

"ఉన్నారు. వంగండి."

వంగారు. లేచాక ఆయన రొప్పుతూ అడిగారు, "ఈ రోడ్డుకి మలుపెక్కడే?"

మిహోకో ముందుకి చూసింది. పౌరుల సౌకర్యార్థం నగరపాలకులు ఆ రోడ్డుని తెన్‌ర్యూ నది దాకా ఒక్క వంపు లేకుండా, తాడు పట్టి గీసినట్టు వేయించారు.

"తొయ్యండి" అంది.