ఎర్రాకుల బస్సులో నలభై రెండు తలలు

మనిషిని మొహం చూసి గుర్తుపట్టడమంత దండగమారి పని ఇంకొకటి లేదు!

కోప్పడకండి. డెబ్భై తొమ్మిదేళ్ళదాన్ని, ఊరికే అంటానా? మొహం ఏమన్నా నిలకడ ఉన్న వస్తువా? పొద్దున్న ఉబ్బి ఉంటుంది, మధ్యాహ్నానికి వాడిపోతుంది, పళ్ళసెట్టు తీసి గ్లాసులో వేస్తే సగానికి సగం తగ్గుతుంది. తల అలా కాదు. పుట్టిన రోజు నుంచి పోయే రోజు దాకా ఎప్పుడు లెక్కపెట్టినా ఒకటే వస్తుంది.

అందుకని కొండల్లో ఎర్రాకులు చూడాలని ముచ్చటపడే ముసలమ్మలందరికీ నా సలహా ఇది. ఒంటరిగా వెళ్ళకండి. కొడుకు కారులో అసలే వెళ్ళకండి. తలలు లెక్కపెట్టే గైడున్న బస్సెక్కండి. ఆ బస్సులో మిమ్మల్ని ఎవరూ పోగొట్టుకోలేరు. మీరు అందులో లేకపోయినా సరే!

ఈ జ్ఞానం నాకు కిందటేడు నేజాంగ్‌సాన్ కొండలకు వెళ్ళినప్పుడు కలిగింది. అంతకుముందు నాకూ అందరిలాగే మొహాల పిచ్చి ఉండేది.

మా పెద్దల సంఘం ఏటా ఆకులు ఎర్రబడగానే బస్సు మాట్లాడుతుంది. మోకాళ్ళ ఆపరేషన్లకు పోయిన ఏళ్ళు పోగా ముప్ఫై ఆరు సార్లు వెళ్ళాను. మొదటిసారి వెళ్ళింది బస్సులో కాదు, సిమెంటు లారీలో. తిరిగొచ్చేసరికి అందరం విగ్రహాల్లా ఉన్నాం. ఆ లారీలోనే ఉయిసంగ్ ఆవిడ నా కొత్త బూట్లలో వాంతి చేసుకుంది. అప్పట్నుంచి నా పక్క సీటు ఆవిడదే. ఆమె పుట్టిల్లు ఉయిసంగ్, నాది హప్‌చన్. కాపురానికొచ్చిన ఊళ్ళో మమ్మల్ని ఆ పేర్లతోనే పిలుస్తారు. అసలు పేర్లు ఆస్పత్రిలో చీటీ రాయించుకున్నప్పుడే వినబడతాయి.

ఈసారి నేను వెళ్ళింది ఆకుల కోసం కాదు, ఫొటో కోసం. నేను పోయాక పెట్టుకునే ఫొటో.

ఆ ఫొటో లేక కాదు. వసంతంలో ఎవరో పుణ్యాత్ములు సంఘానికొచ్చి, గోడకు నీలం పరదా కట్టి, ముసలాళ్ళందరినీ వరసగా కూచోబెట్టి తీసిచ్చారు. కదలొద్దన్నారు, నవ్వొద్దన్నారు. ఆ ఫొటోలో ఉయిసంగ్ ఆవిడ కోడిని దొంగిలిస్తూ పట్టుబడ్డట్టుంది. నేను ఆ కోడిలా ఉన్నాను.

పోయాక మూడు రోజులు జనం వచ్చి ఆ ఫొటో ముందు వంగి దండం పెడతారు. పక్క గదిలో కూచుని ఎర్రటి గొడ్డుమాంసం పులుసు జుర్రుకుంటారు. ఆ మూడు రోజులూ నేను కోడిలా బిక్కుబిక్కుమంటూ చూస్తూ ఉండాలా? చచ్చినా ఒప్పుకోను! అందుకే యాత్ర కాగితంలో ‘ప్రతి ఒక్కరికీ మేపుల్ చెట్టు కింద ఒక ఫొటో, ఫ్రేము కట్టి ఇంటికి పంపబడును’ అన్న ముక్క చదివించుకుని, ఆ ముక్క కింద వేలు పెట్టి మరీ సంతకం చేశాను.

పైగా ముస్తాబు సామాన్యమైంది కాదు. ఆకుల మధ్య నేనొక్కదాన్నే కొట్టొచ్చినట్టు కనబడాలని, మంచు కొండలెక్కే వాళ్ళకు కుట్టిన ఎర్ర జాకెట్టు ఒకటి ఎవరికీ చెప్పకుండా కొన్నాను. ఎర్ర టోపీ, నల్ల కళ్ళద్దాలు. జుట్టు కొత్తగా ఉంగరాలు తిప్పించుకున్నాను. తీరా బస్సు దగ్గరికి వెళ్ళి చూద్దును కదా, మిగతా నలభై ఒక్క మందీ ఎవరికీ చెప్పకుండా అదే జాకెట్టు కొన్నారు. జుట్టు సంగతి సరే సరి, ఊళ్ళో ఉన్నది ఒకటే పార్లరు.

మా గైడమ్మాయి చేతిలో చిన్న డబ్బీ ఉంది. తల చూసినప్పుడల్లా దాన్ని టిక్కుమని నొక్కుతుంది. నలభై రెండు టిక్కులు పడ్డాయి, బస్సు బయల్దేరింది.

దారిలో హైవే పక్కన ఆగాం. ఎర్రాకుల కాలంలో ఆడవాళ్ళ బాత్రూం క్యూ ఎలా ఉంటుందో మీకు తెలుసు, కొండలు కనబడకపోయినా క్యూ కనబడుతుంది. నా వంతు అయింది, రెండు అక్రోటు ఉండలు వేడివేడిగా నోట్లో వేసుకున్నాను, కుచ్చుల పరదాలున్న గులాబిరంగు బస్సెక్కి నా పదిహేడో సీట్లో కూచున్నాను. బస్సు కదిలింది. పక్కావిడ ఉడికిన గుడ్డు ఒలిచి సగం పెట్టింది. ఉప్పు కూడా అద్దుకుని తిన్నాను. అప్పుడు చూశాను చెవుల వంక. ఉయిసంగ్ ఆవిడవి పెద్ద చెవులు. ఇవి గవ్వల్లా ఉన్నాయి.

ఆవిడ అప్పటికే నన్ను చూసేసింది.

"నువ్వు మా జొమ్నే అక్కవి కాదు కదూ?" అంది తాపీగా.

కాదన్నాను.

"పోనీలే, కూచో. ఆవిడకి గుడ్డు పెడితే పచ్చసొన పారేస్తుంది. నువ్వు నయం."

ఒకే కంపెనీ బస్సులు, ఒకే రంగు, పక్కపక్కన ఆగాయి. ఆ జొమ్నే అనే మనిషి ఎవరో నా బస్సెక్కింది. నేను ఆమె బస్సెక్కాను. అంతే సంగతి.

ఈ బస్సు గైడు ప్యో అనే కుర్రాడు. లెక్క ముగించి, డబ్బీ పైకెత్తి, నలభై రెండూ వచ్చారని మైకులో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చెయ్యెత్తి, నాయనా నేను ఈ బస్సు మనిషిని కానని విన్నవించుకున్నాను. మన వయసు వాళ్ళని చూసి ఈ కుర్రాళ్ళు నవ్వే నవ్వొకటి ఉంటుంది చూడండి, ఆ నవ్వు నవ్వి, పాపం, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టుకొచ్చాడు.

"నలభై రెండే వచ్చాయి బామ్మగారూ. మీరు మా మనిషి కాకపోతే నలభై ఒకటి రావాలి కదా?"

నేను బడికి వెళ్ళింది రెండు చలికాలాలే. ఇలాంటి లెక్క అక్కడ చెప్పలేదు.

అక్కడితో ఆపాడా? చేతిలో పేర్ల జాబితా కూడా చూశాడు. పదిహేడో సీటు, క్వాక్ జొమ్నే గారు. మీరు కూచున్నది పదిహేడే కదా అన్నాడు. పదిహేడే అన్నాను. మరింకేం అన్నాడు. ఈ వయసులో ఇలాంటివి మామూలేనని, నా బెల్టు తనే బిగించి, చేతిలో అల్లం బిళ్ళ పెట్టి వెళ్ళాడు. ఇంత మర్యాదగా నన్నెవరు కాదన్నారు ఈ జన్మలో? మా అత్తగారైతే గరిటె విసిరేది.

నా ఫోను ఆ బస్సులో నా సంచిలో ఉండిపోయింది. అయితేనేం, నంబర్లన్నీ నోటికొచ్చు. గవ్వ చెవులావిడ ఫోను తీసుకుని ఉయిసంగ్ ఆవిడకు చేశాను. ఎత్తింది. నేను నోరు తెరిచేలోపే, "ఎవరో గానీ తర్వాత చెయ్యండమ్మా, హప్‌చన్ ఆవిడతో మాట్లాడుతున్నాను" అని పెట్టేసింది.

ఇంక ఎవరికి చెప్పుకోను? నేను అక్కడ ఉన్నానని సాక్ష్యం కూడా దొరికింది. ఇక్కడ ఉన్నానని గైడు సర్టిఫికెట్టు ఇచ్చాడు. ఒకే పూట రెండు బస్సుల్లో విహరించిన ముసలిది ఈ దేశంలో ఇంకెవరున్నారు?

కాబట్టి విహరించాను. బస్సులో లేచి ఆడటం ఇప్పుడు నేరం కదా, అందుకని బెల్టు పెట్టుకునే ఆడాం. నడుం పైన పండగ, నడుం కింద చట్టం. బియ్యపు కల్లు కాగితం కప్పుల్లో తిరిగింది. జొమ్నే సంచిలో కమలాలు నేను పంచిపెట్టాను, ఆమె తరపున నాలుగు పాటలు పాడాను. ఈ ఏడు జొమ్నే గొంతు విప్పిందని వెనక సీట్ల వాళ్ళు మెచ్చుకున్నారు.

కొండల్లో చెట్ల కింద మాకిచ్చింది ఇరవై నిమిషాలు. అందులో పన్నెండు లెక్కకు పోయాయి. ఆకులు చూశారా అంటారా? ఆకులదేముందండీ, వచ్చే ఏడు మళ్ళీ వస్తాయి. ఆ ఒక్కరోజే నన్ను పదకొండుసార్లు లెక్కపెట్టారు! మా ఆయన బతికున్నన్నాళ్ళూ నన్ను ఇన్నిసార్లు లెక్కలోకి తీసుకున్న పాపాన పోలేదు.

ఫొటో దగ్గర సీట్ల వరసన పిలిచారు. పదిహేడు అనగానే వెళ్ళి నించున్నాను. వెనక చెట్టు నిప్పంటుకున్నట్టుంది. కళ్ళద్దాలు తీశాను, పళ్ళసెట్టు నాలుకతో సర్దుకున్నాను, మా పెద్దాడు పుట్టిన రోజు తలచుకుని నవ్వాను. అంత బాగా నేనెప్పుడూ నవ్వలేదని నాకే తెలిసింది. తీసే అతనికి, ఇది పదిహేడే గానీ ఈ పదిహేడు కాదు నాయనా, అని చెప్పబోయాను. అప్పటికే పద్ధెనిమిది వచ్చి నించుంది.

తిరుగుదారిలో రెండు బస్సులూ మళ్ళీ అదే హైవే పక్కన ఆగాయి. బాత్రూం క్యూలో నా ముందు ఎర్ర జాకెట్టావిడ వెనక్కి తిరిగింది. అద్దం అనుకుని జుట్టు సర్దుకోబోయాను. అచ్చం నేనే! కుడి కనుబొమ్మ మీద కందిగింజంత నల్లటి పుట్టుమచ్చ తప్ప ఏ తేడా లేదు. నాకక్కడ మచ్చ లేదు.

"మీరు నా గుడ్లు తిన్నారా?" అంది జొమ్నే.

"పచ్చసొనతో సహా" అన్నాను.

ఇద్దరం ఒకరి భుజం ఒకరం పట్టుకుని నవ్వీ నవ్వీ మా వంతులు పోగొట్టుకున్నాం. ఆమె కూడా చెప్పి చూసిందట. ఉయిసంగ్ ఆవిడ తన అల్లుడి బాగోతం మొదలుపెట్టి ఊపిరి తీసుకోలేదట. మధ్యలో నాలుగుసార్లు, నేను మీరనుకునే మనిషిని కానండీ అని జొమ్నే చెప్పబోతే, ఉయిసంగ్ ఆవిడ నిట్టూర్చి, "ఎవరం మాత్రం అనుకున్న మనుషులమయ్యాం లే" అని అల్లుడి దగ్గరికే వెళ్ళిపోయిందట.

సంచులు మార్చుకున్నాం, ఫోను నంబర్లు చెప్పుకున్నాం, ఎవరి బస్సు వాళ్ళం ఎక్కాం. టిక్కు, టిక్కు, నలభై రెండు. నేను కూచోగానే ఉయిసంగ్ ఆవిడ, "అందుకని నేనేమన్నానంటే..." అంది.

పది రోజులకు ఫొటో వచ్చింది. మీకు అర్థమయ్యే ఉంటుంది, పంపింది సీటు నంబరు చూసి. ఫ్రేములో మేపుల్ చెట్టు కింద జొమ్నే, మచ్చతో సహా, చక్కగా నవ్వుతోంది. నేనేమీ అనకుండా టీవీ పక్కన పెట్టాను. చూద్దాం, అన్నీ నేనే చెప్పాలా ఏమిటి?

ఆదివారం మా పెద్దాడూ కోడలూ వచ్చారు. "అమ్మా, ఎంత బాగా వచ్చావే!" అన్నాడు వాడు. కోడలు దగ్గరకెళ్ళి చూసి, అత్తయ్యా పదేళ్ళు తగ్గిపోయారు, ఆ నీలం పరదా ఫొటో తీసేసి ఇదే ఉంచుదాం, అంది. ఫోనులో చెల్లెళ్ళకు పంపారు. ముగ్గురు కూతుళ్ళూ ఎర్రటి గుండె బొమ్మలు తిప్పి పంపారు. సంఘం ప్రెసిడెంటు వచ్చి, ఫొటో అంటే ఇలా ఉండాలి, మనిషి ఎదురుగా ఉన్నట్టే ఉంది, అన్నాడు.

చివరికి ఉయిసంగ్ ఆవిడ అద్దాలు పెట్టుకుని వచ్చింది. కందిగింజ మీదుగా ఆవిడ చూపు రెండుసార్లు ప్రయాణం చేసింది.

"నిజం చెప్పొద్దూ, ఆ రోజు నువ్వు నీలా లేవు. ఎంత నెమ్మదిగా విన్నావే తల్లీ! నలభై ఏళ్ళలో అంత మంచిదానివి ఎప్పుడూ కాలేదు."

చూశారా లాభం? నేను పక్కన లేని పూట నాకు వచ్చినంత మంచి పేరు జన్మలో రాలేదు. రేపు నేను పోతే ఊరంతా జొమ్నేకి దండం పెడుతుంది. కోడిలా చూసే బాధ నాకు తప్పింది. ఆ మూడు రోజులు ఎక్కడికైనా షికారు వెళ్ళొచ్చు కూడా! ఇదంతా తలల లెక్క చలవ కాదూ?

ఈ శుభవార్త చెబుదామని జొమ్నేకి ఫోను చేశాను. నా ఫొటో ఆమె ఇంటికి చేరే ఉంటుంది కదా, ఎక్కడ పెట్టారో కనుక్కుందామని. ఆమె అప్పటికే నవ్వుతోంది. కవరు వాళ్ళ ముసలాయన విప్పాడట. ఆయనకొక కంటికి శుక్లం, రెండో కంటికి పొర. ఫ్రేము వెలుతురుకు పెట్టి ఒక్క క్షణం చూశాడట.

"ఎవరీవిడ? మా మనిషేదీ?" అన్నాడట.

జొమ్నే చెప్పబోయేలోపే చెప్పులేసుకుని, ఫొటో చంకలో పెట్టుకుని, పోస్టాఫీసుకు వెళ్ళాడట. అక్కడ పెద్ద పంచాయితీ. మా ఆవిడ రాలేదు, ఎవరో పెద్దావిడ మా ఇంటికొచ్చింది, వెంటనే వాళ్ళింటికి చేర్చండి, "పాపం, వాళ్ళింట్లో వెతుక్కుంటూ ఉంటారు" అన్నాడట.

ఫోనులో ఉన్నానా లేనా అని జొమ్నే రెండుసార్లు పిలిచింది.

తర్వాత అడిగాను, ఎలాగూ ఎవరి ఫొటో వాళ్ళం తెచ్చుకోవాలి కదా, అప్పుడు వచ్చే ఏడు సంగతి కూడా మాట్లాడుకుందాం, మళ్ళీ సీట్లు మారదామా అని.

"బస్సు ఎన్నిసార్లయినా మారతాను వదినా. ముసలాణ్ణి మాత్రం మార్చుకోను" అంది.

మొండి మనిషి. కాబట్టి నా సలహా నాదే. ఎర్రాకులు చూడాలంటే డబ్బీ ఉన్న గైడుతోనే వెళ్ళండి. నలభై రెండు దాకా తప్పు పోకుండా లెక్కపెడతారు. ఆ ముసలాయన లాంటి వాళ్ళను నమ్ముకోకండి. బడి మొహం చూడని మనిషి, ఆయనకు లెక్కలెక్కడివి?

ఒకటి దాకానే వచ్చట.