పైడిరాజు రాయని పేజీ

టార్చిలైటు యాప్‌లో ‘అంగీకరిస్తున్నాను’ అన్న చోట వేలు నొక్కిన మర్నాడు పొద్దున్నే, షరతుల ప్రకారం, సత్యవేణి ఇంట్లో ఉండడానికి కంపెనీ మనిషి వచ్చాడు. పేరు పైడిరాజు, ఊరు సామర్లకోట, వయసు యాభై దాటింది. మడతపెట్టే స్టూలు, స్టీలు క్యారేజీ, పొడుగాటి నోటుబుక్కు తెచ్చుకున్నాడు. ఇల్లంతా ఒకసారి చూసి, వంటగదీ పడగ్గదీ రెండూ కనిపించే గుమ్మం పక్కన స్టూలు వేసుకున్నాడు. తన వల్ల ఏ ఇబ్బందీ ఉండదని, మంచినీళ్ళు కూడా తనే తెచ్చుకుంటానని చెప్పి, ఆమె ఆ మాట ఎంతసేపు విన్నదో రాసుకున్నాడు.

తప్పెవరిదని వెతికితే సత్యవేణికి మొగుడే దొరికేవాడు. సూరిబాబు లైన్‌మేన్. ఆ సాయంత్రం ఎక్కడో తీగ తెగిందని వాళ్ళ వీధికి కరెంటు తీసింది అతనే. కొవ్వొత్తి వెతకడానికి ఆమె టార్చి యాప్ దించుకుంది. నలభై రెండు పేజీల షరతులు వచ్చాయి. చదవడానికి కళ్ళజోడు కావాలి, అది దొరకడానికి వెలుతురు కావాలి, వెలుతురు రావాలంటే అంగీకరించాలి. అంగీకరించింది. కొవ్వొత్తి దొరికేలోపు కరెంటు వచ్చేసింది.

కాకినాడలో అప్పటికి కంపెనీ మనిషి లేని ఇల్లు లేదు గనక ఎవరూ వింతగా చూడలేదు. పై వాటాలో నలుగురున్నారు. పంచాంగం యాప్ తాలూకు ఆయన, బస్సు టైముల ఆయన, అడుగులు లెక్కపెట్టే ఆవిడ, ఎందుకొచ్చాడో తనకే గుర్తులేని ఇంకొకాయన. వాళ్ళతో పోలిస్తే పైడిరాజు బంగారం. పదిహేను రోజులకోసారి ఆదివారం ఇంటికి వెళ్ళేవాడు. ఆ రోజు తాను ఏమేం చేసిందీ సత్యవేణే గుర్తుపెట్టుకుని సోమవారం చెప్పేది. మొదట్లో ఒకటి రెండు దాచేది. తర్వాత దాచడానికి ఓపిక లేకపోయింది.

ఆమె పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. పదకొండేళ్ళలో ఒక్క పోస్టుకార్డు కూడా వెనక్కి తిప్పి చదవలేదు. ఎవరి ఉత్తరం వాళ్ళది అనేది ఆమెకు అన్నం తినే ముందు చెయ్యి కడుక్కోవడం లాంటి అలవాటు. ఇంటికొచ్చి చెప్పులు విప్పగానే ఏ కాలిది ముందు విప్పిందో ఒకాయన రాసుకుంటాడు. అలసిపోయిన మనిషికి అదీ ఒకందుకు నయమే, ఎలా ఉన్నావని అడగడు.

ఆ ఏడాది శ్రావణంలో ఆమెకు నెల తప్పింది. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి, పోయింది. రెండుసార్లూ మొదటి వారంలోనే అందరికీ చెప్పారు. తర్వాత అందరూ వరసగా వచ్చి ఓదార్చారు. పోయినదానికంటే ఆ ఓదార్పులే ఎక్కువ బాధ పెట్టాయి. మూడో నెల నిండేదాకా నోరు విప్పకూడదని పెద్దవాళ్ళు ఊరికే అనలేదని అప్పుడు అర్థమైంది. ఈసారి అయిదో నెల వచ్చేదాకా మొగుడికి తప్ప ఎవరికీ, అత్తగారు మంగతాయారుకు కూడా చెప్పకూడదని ఒట్టు పెట్టుకుంది. ఆమెకు ఆ బిడ్డ కావాలి, ఒకవేళ నిలవకపోతే ఎవరూ రాకుండా ఏడ్చుకోవడానికి ఒక మూల కావాలి. అంతకుమించి ఏమీ కోరుకోలేదు.

పైడిరాజుకు ఆమె కంటే రెండు రోజులు ముందే తెలుసు. కాఫీ గ్లాసు సగంలో వదిలేసింది, క్యాలెండరు ముందు మామూలు కంటే నలభై సెకన్లు ఎక్కువ నిలబడింది, ఫోనులో చిన్న గౌను బొమ్మ దగ్గర వేలు ఆగింది. అవి అవిగా రాశాడు. ఆమె సూరిబాబుకు చెప్పేనాటికి విషయం నాలుగు కంపెనీలకు చేరింది. ఆ తర్వాతి శుక్రవారం ఉయ్యాల కంపెనీవాళ్ళు పేరు పెట్టి పిలుస్తూ వచ్చి, నమూనా ఉయ్యాల ఒకటి ఉచితంగా దింపి, కోడలుగారికి ఎన్నో నెల అని మంగతాయారును అడిగారు.

మంగతాయారు అరిచే మనిషి కాదు. సత్యవేణి ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునేదాకా ఆగింది.

“నాకు చెప్పకుండా ఉయ్యాలోళ్ళకి చెప్పుకున్నావా అమ్మా” అంది.

సత్యవేణి పైడిరాజు స్టూలు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

“అన్నయ్యగారూ, మీరేనా చెప్పింది?”

“నేను రాత్తానంతేనమ్మా. చెప్పడం నా పని కాదు. చదివేవోళ్ళు వేరే ఉంటారు. మా ఇంట్లోనూ ఉన్నాడొకడు. మా ఆవిడ మోకాళ్ళనొప్పులు నాకంటే ముందు ఆడికే తెలిసినియ్యి” అన్నాడు.

పదకొండో వారంలో అదీ పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చి ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఆ గుమ్మంలోంచి చూస్తే అంతా కనిపిస్తుంది. పైడిరాజు నోటుబుక్కు మూసి, స్టూలు ఎత్తుకుని వీధి అరుగు మీదికి వెళ్ళిపోయాడు. మూడు రోజులు అక్కడే వీధివైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ మూడు రోజులూ ఆ ఇంట్లో ఏం జరిగిందో ప్రపంచంలో ఎక్కడా రాయబడలేదు. సత్యవేణి కడుపారా ఏడ్చింది. నాలుగో రోజు అతను లోపలికొచ్చి, పేజీ తిప్పి, ఆమె కాఫీ తాగిందని రాశాడు.

రాయనిది జరగనట్టే లెక్క గనక, కంపెనీ పుస్తకాల్లో కడుపు అలాగే ఉండిపోయింది. అయిదో నెలలో పచ్చిమామిడి ఒరుగులవాళ్ళు వచ్చారు. ఏడో నెలలో సీమంతం గాజులు, ఆకుపచ్చవి, ఆమె చేతి కొలతకు సరిగ్గా సరిపోయేవి తెచ్చారు. సూరిబాబు గుమ్మంలోనే అడ్డం నిలబడి వెనక్కి పంపాడు. మర్నాడు ఇంకో రంగువి వచ్చాయి.

సత్యవేణి ఒక పూట సెలవు పెట్టి సమ్మతి సవరణ కార్యాలయానికి వెళ్ళింది. గుమస్తా మర్యాదస్తుడు, కూర్చోమన్నాడు. సవరణ చేయవచ్చు, దరఖాస్తు ఉంది. ఏ రోజు పోయింది, ఎన్ని గంటలకు, అప్పుడు పక్కన ఎవరున్నారు, ఎన్నాళ్ళు ఏడ్చారు, ఇప్పుడు ఎలా ఉంది, అన్నీ పూరించి కింద అంగీకరిస్తున్నానని సంతకం పెట్టాలి. ఆ కాగితం ఎవరెవరికి వెళుతుందని ఆమె అడిగింది. అందరికీ వెళుతుందన్నాడు. ఆ తర్వాత ఎవరొస్తారని అడిగింది. ఓదార్చే కంపెనీలు వేరే ఉన్నాయన్నాడు. ఆ మూడు రోజులూ ఎందుకు రాయలేదని పైడిరాజును కూడా అడుగుతారని, అతని ఉద్యోగం ఉండకపోవచ్చని ఆమెకు అర్థమైంది.

“అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నారు గదండీ. షరతులు అప్పుడే చదువుకోవాల్సిందండి” అని గుమస్తా సానుభూతిగా కలం అందించాడు.

ఆమె కలం అందుకుని దరఖాస్తు మొత్తం చదివింది. తన గురించి కంపెనీకి తెలియని సంగతి ఒక్కటే మిగిలింది, ఆ మూడు రోజుల ఏడుపు. దాన్ని కాపాడాలంటే బిడ్డ ఉన్నట్టే ఉండాలి. బిడ్డ లేదని ఒప్పించాలంటే అది కూడా ఇచ్చెయ్యాలి. కలం బల్ల మీద పెట్టి ఇంటికొచ్చేసింది. పైడిరాజు ఎక్కడికెళ్ళొచ్చారని రూలు ప్రకారం అడిగాడు. కూరగాయలకని చెప్పింది. చేతిలో సంచీ లేదని చూసి కూడా కూరగాయలనే రాసుకున్నాడు.

నెలలు నిండిన రోజున అభినందనలు వచ్చాయి. గౌను దగ్గర వేలు ఆగింది గనక ఆడపిల్ల. పేరు ఇంకా పెట్టలేదు గనక ‘బేబీ ఆఫ్ సత్యవేణి’. అన్నప్రాశన వెండిగిన్నెలవాళ్ళు, మొదటి పుట్టినరోజు కేకువాళ్ళు టైముకి వచ్చి వెళ్ళారు. సూరిబాబు మొదట్లో పోట్లాడేవాడు, తర్వాత తలుపు తీసి ఊరుకునేవాడు. మంగతాయారు ఉయ్యాల మీద దుమ్ము తుడిచేది, ఎందుకని ఎవరూ అడగలేదు.

ఏడాది నిండిన మర్నాడు పొద్దున్న కంపెనీ చిన్నపిల్లల విభాగం నుంచి ఒకావిడ వచ్చింది. పాపకు ఇప్పుడు సొంత ఖాతా వచ్చిందని, ఇకనుంచి తను పాప తరఫున ఇక్కడే ఉంటానని చెప్పి, మడతపెట్టే స్టూలు విప్పింది. మంచినీళ్ళు తనే తెచ్చుకుందట. నోటుబుక్కు తెరిచి, పాప ఏదండీ అని అడిగింది.

గుమ్మం పక్కన పైడిరాజు తల దించుకున్నాడు. కలం కదపలేదు. సత్యవేణికి ఆఫీసు టైమవుతోంది. పడగ్గదిలోకి చూసింది. ఉయ్యాల, దాని మీద మంగతాయారు మడతపెట్టి వేసిన పాతచీర.

“పడుకుందండి. ఇప్పుడే నిద్రపట్టింది, చప్పుడు చెయ్యకండి” అంది.

ఆవిడ తలూపి, మునివేళ్ళ మీద నడిచి వెళ్ళి ఉయ్యాల పక్కన కూర్చుని, ‘నిద్ర’ అని రాసుకుంది. సత్యవేణి సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, పడగ్గదిలో ఫ్యాను ఒక పాయింటు తగ్గించి, ఆఫీసుకు వెళ్ళింది.