మీ పేరు లేకపోతే ఎలాగండీ

గురువారం పొద్దున్న భాస్కరం మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే. పెయింటర్ బుల్లబ్బాయి కొట్టుకు వెళ్ళి, వీధి బోర్డు మీద తన తండ్రి పేరు ఎలా రాస్తున్నాడో చూసి, టిఫిను వేళకు ఇంటికి వచ్చెయ్యాలి.

"చూసుకుని రండి. దారిలో ఎవరికీ మర్యాదలు చెయ్యకండి," అంది భార్య కనకవల్లి.

"నేనేం చేస్తాను కనకం?"

"మొన్న గ్యాస్ సిలిండర్ తెచ్చినాయన్ని 'భోంచేసి వెళ్దురుగాని' అన్నారు. వంకాయ కూరంతా అయిపోయింది."

మాస్టారి జబ్బే అది. ఎదుటి మనిషి కాస్త మొహమాటపడితే చాలు, అడగనిది కూడా ఇచ్చేస్తారు. ఇరవై ఏళ్ళుగా ఆయన ఒకరిని అడిగింది మాత్రం ఒక్కటే: తమ వీధికి తండ్రి విశ్వనాథం గారి పేరు పెట్టమని. విశ్వనాథం గారు కాంపౌండరు. నలభై ఏళ్ళు రేకు పెట్టెతో ఇల్లిల్లూ తిరిగారు. ఆయన చేత సూది పొడిపించుకోని మనిషి ఆ వీధిలో లేడు. కానీ ఒక ప్రభుత్వం వస్తే వాళ్ళ నాయకుడి పేరు, అది పోతే వీళ్ళ నాయకుడి పేరు వీధికెక్కుతూ వచ్చాయి. కనకవల్లి ఆధార్‌లో ఒక వీధి, గ్యాసు పుస్తకంలో ఒక వీధి, బ్యాంకులో ఇంకో వీధి. ఇల్లు కదలకుండానే ఆవిడ మూడు వీధుల్లో కాపురం చేసింది.

ఈసారి ప్రభుత్వం మారగానే పాత బోర్డు పీకేశారు. కొత్త పార్టీలో రెండు గ్రూపులు, రెండూ చెరో పేరు తెచ్చాయి. మధ్యలో నలిగిపోయిన వార్డు కౌన్సిలర్ దొరబాబుకు హఠాత్తుగా విశ్వనాథం గారు గుర్తొచ్చారు.

"ఎవరినీ నొప్పించని మనిషండి మీ నాన్నగారు," అన్నాడు మాస్టారితో.

"ఇంజెక్షన్ చేసేటప్పుడు తప్పండి," అని మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు. ఆ రాత్రి ఆయనకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

గురువారం వీధి మలుపులో మొదట రాజరత్నం కనబడ్డాడు. టెంట్ హౌస్ యజమాని. బోర్డుకు రేకు, స్తంభాలు ఇచ్చిన దాత. గుడిలో ఆయన ఇచ్చిన ఫ్యాను ఒకటుంది. తిరిగితే రెక్కల మీద దాత పేరు కనబడదని పూజారి దాన్ని ఆపే ఉంచుతాడు.

"నా పేరు ఎందుకులెండి మాస్టారూ. నాన్నగారి పేరు చాలదాండి?" అన్నాడు రాజరత్నం.

"ఎంతమాట! మీ పేరు లేకపోతే ఎలాగండీ?"

మర్యాద తెలిసిన మనిషెవరైనా ఇక్కడ ఇంకోసారి వద్దనాలి. అప్పుడు మాస్టారు ఇంకోసారి బతిమాలాలి. మూడోసారి ఇద్దరూ కలిసి ఆ సంగతి మర్చిపోవాలి. ఆ ప్రాంతంలో పద్ధతి అది. రాజరత్నం మొదటిసారికే ఒప్పేసుకున్నాడు.

"మీరంతగా అంటున్నారు కాబట్టి సరేనండి. కొంచెం పెద్దగా రాయించండి. టెంట్ హౌస్ అని కూడా."

నాలుగడుగులు వేశారో లేదో, దొరబాబు మోటార్ సైకిల్ ఆపాడు. మాస్టారి నోరు ఊరుకోలేదు. "దాత పేరు వేస్తున్నామండి. ఇంత కష్టపడ్డారు, మీ పేరు లేకపోతే ఎలాగండీ?"

"నాదేముందండి, ప్రజాసేవకుణ్ణి," అంటూనే దొరబాబు బండి స్టాండు వేశాడు. "నాది ఉంటే పైన ఛైర్మన్ గారిది ఉండాలండి. ప్రోటోకాల్. ఆయనది ఉంటే ఆయన పైన ఎమ్మెల్యే గారిది. అటు గ్రూపు నుంచి నలుగురివి రాస్తే ఇటు నుంచి నలుగురివి రాయాలి. పదవులతో సహానండి, లేకపోతే అలుగుతారు."

"దానికేముందండి," అన్నారు మాస్టారు.

ఆ మలుపు ఇంటి నూకరత్నం వార్డు మహిళా అధ్యక్షురాలు. గేటు దగ్గర నిలబడి అంతా విన్నది. "అందరివీ ఉంటాయన్నమాట. మాలాంటివాళ్ళం దేనికి లెండి," అని నిట్టూర్చింది. మీ కమిటీ పేర్లూ వేయిస్తానని మాట ఇచ్చేశారు మాస్టారు. ఆవిడ కమిటీలో పన్నెండు మంది ఉన్న సంగతి ఆయనకు తర్వాత తెలిసింది.

బుల్లబ్బాయి ఒకప్పుడు మాస్టారి శిష్యుడే. జాబితా చూసి బుర్ర గోక్కున్నాడు. "రేకు ఆరడుగులేనండి మాస్టారూ. నాన్నగారి పేరు ఓ రెండంగుళాలు తగ్గించమంటారా?"

"సర్దు నాయనా. పెద్దవాళ్ళతో పని."

శుక్రవారం ఫోన్ చేశాడు. "ఎమ్మెల్యే గారి బావమరిది గారిది కూడా అంటున్నారండి. ఇంకో రెండంగుళాలు..."

"సర్దు నాయనా."

శనివారం మళ్ళీ చేశాడు. "ఇంక తగ్గిస్తే చీమలే చదవాలండి."

"ఎలాగోలా సర్దరా. నువ్వున్నావనే కదా నా ధైర్యం."

ఆ సాయంత్రమే రైస్ మిల్లు గోడ పక్కన బోర్డు నిలబెట్టి, షామియానా గుడ్డ కప్పేశారు. ముహూర్తానికి ముందు విప్పకూడదన్నారు.

ఆదివారం పదిన్నరకు ఎమ్మెల్యే తాడు లాగారు. గుడ్డ జారింది. చప్పట్లు కొట్టడం మాని అందరూ బోర్డు మీద పడ్డారు. ఎవరి పేరు వాళ్ళు వెతుక్కుని, దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని పైనుంచి కిందికి చదివారు. కిందినుంచి పైకి చదివారు. ముప్ఫై ఒక్క పేర్లున్నాయి. టెంట్ హౌస్ ఉంది. అడుగున బుల్లబ్బాయి ఆర్ట్స్, ఫోన్ నంబరు కూడా ఉన్నాయి.

"నాన్న పేరేదిరా?" అన్నారు సన్నగా.

"వెనకాల ఉందండి," అన్నాడు బుల్లబ్బాయి వినయంగా. "ఎలాగోలా సర్దమన్నారు కదండీ. అటుపక్క మొత్తం నాన్నగారిదేనండి. అడుగెత్తు అక్షరాలు."

బోర్డుకూ మిల్లు గోడకూ మధ్య జానెడు సందు. మాస్టారు చెంప గోడకు ఆనించి లోపలికి చూశారు. ఒక్క 'వి' మాత్రం కనబడింది. ఇరవై ఏళ్ళు తిరిగి, తండ్రిని తన చేతులతోనే గోడకు తిప్పి నిలబెట్టానే అని ఆయన గుండె కలుక్కుమంది.

"బోర్డు బాగుందాండి మాస్టారూ?" అని ఎమ్మెల్యే ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"చాలా బాగుందండి," అన్నారు మాస్టారు.

"ఇంతకీ వీధి పేరేంటండి?" అనడిగారు ఎమ్మెల్యే. అందరూ మళ్ళీ బోర్డు మీద వెతకడం మొదలుపెట్టారు.

కనకవల్లి చేసిన పులిహోర వచ్చినవాళ్ళకు సరిపోయింది, మాస్టారు ముట్టుకోలేదు. ఆ తర్వాత పది రోజులు ఆయన మిల్లు వైపు వెళ్ళకుండా చుట్టు తిరిగి కూరగాయలు తెచ్చారు.

పదకొండో రోజు తెల్లవారుతూనే దొరబాబు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. మెడలో కండువా రంగు మారింది. రాత్రికి రాత్రి ఎనిమిది మంది కౌన్సిలర్లతో అవతలి పార్టీలో చేరి, ఛైర్మన్‌ను దింపేశాడట.

"చిన్న ఇబ్బందండి మాస్టారూ. కొత్త ఛైర్మన్ గారు ఎనిమిదింటికి ఈ దారినే వస్తున్నారు. ఆ బోర్డు నిండా పాతవాళ్ళ పేర్లేనండి. కింద నాదీ ఉంది. పీకించేద్దామని..."

మాస్టారి పెదవుల మీదికి 'దానికేముందండి' వచ్చేసింది. వంటింట్లో అట్లకాడ ఠంగుమని పడింది. ఆయన ఆ మాట మింగేశారు.

"కుదరదండి," అన్నారు. జీవితంలో ఆ మాట అనడం అదే మొదలు. "పీకడం దేనికండి? తిప్పండి. ఆ పేర్లన్నీ గోడవైపు పోతాయి."

దొరబాబు ముఖం వెలిగిపోయింది. ఏడున్నరకల్లా బుల్లబ్బాయి వచ్చి బోర్డు విప్పి తిప్పాడు. నీలం రేకు మీద తెల్లగా, అడుగెత్తున 'కాంపౌండరు విశ్వనాథం గారి వీధి' అని ఉంది. ఇంకే పేరూ లేదు. మాస్టారు చెప్పులు విడిచి నిలబడ్డారు. పాలవాడు సైకిలాపి, తన జబ్బ మీద టీకా మచ్చ ఆయన వేసిందేనని చెప్పాడు.

అంతలో రాజరత్నం పరుగున వచ్చాడు. "మాస్టారూ, మరి నా పేరండి?"

"అయ్యో, మీ పేరు లేకపోతే..." అని మొదలుపెట్టారు మాస్టారు. వెనక కనకవల్లి నిలబడి ఉంది. "...వెనకాల భద్రంగా ఉందండి," అని పూర్తిచేశారు.

అందరూ వెళ్ళాక బుల్లబ్బాయి దగ్గరికొచ్చాడు. "ఒక్క మాటండి. బోల్టులు మరీ గట్టిగా బిగించొద్దన్నారండి దొరబాబు గారు."

ఆ రోజు నుంచి భాస్కరం మాస్టారు పొద్దున్నే వాకింగ్‌కి వెళ్ళేటప్పుడు జేబులో కళ్ళజోడుతోపాటు స్పానర్ కూడా పెట్టుకుంటున్నారు.